రఫూ మాస్టారి కెమెరా

చిరిగిన బట్టకు మాసిక వేయడం ఎవరైనా చేస్తారు. చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారు కూడా వేలు పెట్టి చూపించలేనట్టు చేస్తే దాన్ని రఫూ అంటారు. అదే బట్ట లోపలి మడతల్లోంచి పోగులు లాగి, వాటినే నిలువుగా, అడ్డంగా పరిచి, చిరుగు మీద బట్టను మళ్లీ నేయాలి. సిగరెట్ నిప్పు పడి కాలిన చిన్న కంతకే ఒక పూట పడుతుంది. చేసిన పని కంటికి కనబడిందంటే అది చెడిపోయినట్టే లెక్క. చూపించుకోవడానికి ఏమీ మిగలని ఇలాంటి పనిలో పేరు తెచ్చుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? అయినా ఈయన తెచ్చుకున్నాడు. అసలు పేరు చుట్టాలు కూడా మరిచిపోయేంతగా వీధి వీధంతా ఆయన్ని రఫూ మాస్టారు అనే పిలిచేది.

తండ్రిదీ అదే పని. కొడుకు చేత ముందు గోనెసంచి మీద రఫూ చేయించాడు, తర్వాత దుప్పటి మీద, ఆ తర్వాత చేతిరుమాలు మీద. పోగు సన్నబడే కొద్దీ తిట్లు లావయ్యేవి. తిట్లతో పాటు తండ్రి ఒక నియమం కూడా నేర్పాడు. అయిపోయిన పనిని మళ్లీ చూడకూడదు. చూస్తే బాగా వచ్చిందని పొగరన్నా వస్తుంది, సరిగా రాలేదని బెంగన్నా పట్టుకుంటుంది, రెండూ చేతికి మంచివి కావని ఆయన నమ్మకం. మాస్టారు ఆ మాటను జవదాటలేదు. ఆఖరి పోగు తెంపగానే బట్టను మడిచి పక్కకు తోసేసి, తర్వాతిది ఒళ్లోకి తీసుకునేవాడు.

పక్కకు తోసిన దగ్గర్నుంచి అది భార్య వంతు. ఇంటి ముందు గదే దుకాణం. కిటికీ దగ్గర మాస్టారి కుర్చీ, ఎదురుగా పొట్టి బల్ల. గది మధ్యలో వేలాడే తెరకు అవతల ఇస్త్రీ బల్ల, దాని వెనక వంటిల్లు. ఆమె బట్టను తెర వెనక్కి తీసుకెళ్లి, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, మనిషి వస్తే చేతికిచ్చేది. మాటల పొదుపు మనిషి. అవసరమైన మాట కూడా ఒకసారి ఆలోచించుకుని గానీ బయటికి రానిచ్చేది కాదు.

పెళ్లైన కొత్తలో ఆమె కూడా ఆ పని నేర్చుకుంటానని అడిగింది. ఆమెది ఎడమచేతి వాటం. మాస్టారు నవ్వి, "ఎడమచేతి వాళ్లకి రఫూ రాదు. అల్లిక తిరగబడుతుంది," అన్నాడు. ఆ సంగతి తండ్రి చెప్పింది కాదు, ఎవరూ చెప్పింది కాదు, అప్పటికప్పుడు నోటికొచ్చిందంతే. తమ పనిలోకి ఇంకొకరు వస్తామంటే చాలు, మగవాళ్ల నోట ఇలాంటి శాస్త్రాలు చటుక్కున పుట్టుకొస్తాయి. ఆమె మళ్లీ అడగలేదు. మధ్యాహ్నాలు చిక్కుడుకాయలు వలుచుకుంటూ ఆయన ఎదురుగా కూర్చునేది, అంతే.

ఇదంతా పాత సంగతి. ఏడాది కిందట మాస్టారికి కళ్లు మసకబారడం మొదలైంది. మొదట నల్ల బట్టల మీద పోగులు కలిసిపోయాయి, తర్వాత నీలం, ఆ తర్వాత బూడిద రంగు. ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన దీపం వేసి, తీసి, అటు చూడమని, ఇటు చూడమని, చివరికి అద్దాలు మార్చి లాభం లేదు, ఉన్న చూపును కాపాడుకోండి అన్నాడు. మాస్టారు ఆ మాటను కడుపులో దాచుకుని ఇంటికొచ్చాడు. భార్య ఎక్కడికెళ్లారని అడిగితే దారాల కోసమన్నాడు. చేతిలో దారాలు లేవు. ఆమె మళ్లీ అడగలేదు.

అప్పట్నుంచి వేలికొసతో తడుముకుంటూ, గోటితో పోగుల్ని విడదీసుకుంటూ పని చేశాడు. విచిత్రం, ఒక్కరూ మాట అనలేదు. పైగా మునుపటికన్నా బాగుందన్నవాళ్లే ఉన్నారు. కన్ను పోతే ఏంటి, చేతికే పని తెలుసు అని తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు. అయినా ఎవరన్నా తమ బట్టను గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో విప్పి చూసుకుంటుంటే ఆయన సూది ఆగిపోయేది. ఈ కుర్చీలోంచి లేవాల్సి వస్తే తను ఎవరికి పనికొస్తాడు? ఇంకే పనీ చేతకాదు. ఆ భయంతోనే రోజూ పొద్దున్నే నిద్ర లేచేవాడు.

వచ్చే పని కూడా తగ్గిపోయింది. చిరిగితే పారేసి కొత్తది కొనుక్కునే రోజులు. అలాంటప్పుడు ఖరీదైన బట్టలు ఉతికే ఒక పెద్ద డ్రైక్లీనింగ్ కంపెనీ మేనేజరు వెతుక్కుంటూ వచ్చాడు. తమ దుకాణాలన్నిట్లోని రఫూ పని ఒక్క చోటికే ఇద్దామనుకుంటున్నామన్నాడు.

"మీ పేరు విన్నాను మాస్టారూ. కాకపోతే మా పైవాళ్లు కళ్లతో చూస్తే గానీ ఒప్పుకోరు. రఫూకి ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో, దగ్గర్నుంచి తీసి పంపండి. పని మీకొస్తే ఇక ప్రతి బట్టకీ అలాగే పంపాలి," అన్నాడు.

ప్రతి బట్టకూ అంటే స్టూడియో చుట్టూ తిరగడం కుదిరే పని కాదు. కెమెరా కొనాల్సిందే. ఈ సంగతి బావమరిది చెవిన పడింది. అతను వాచీలు బాగుచేస్తాడు గానీ, ఈ లోకంలో అతనికి అభిప్రాయం లేని వస్తువు లేదు.

"మెగాపిక్సెల్ ఎక్కువుండాలి బావా. జూమ్ ఎక్కువుండాలి. మిగతాదంతా సోకు," అన్నాడు. మెగాపిక్సెల్ అంటే ఏంటని మాస్టారు అడిగితే, "అది చెప్తే అర్థమయ్యేది కాదులే," అని తప్పించుకున్నాడు.

ఇద్దరూ కలిసి కెమెరాల దుకాణానికి వెళ్లారు. అద్దాల బల్ల వెనక ఉన్న అమ్మాయికి మాస్టారు తన చేతిలో ఉన్న డబ్బెంతో దాచకుండా చెప్పాడు. బావమరిది తల పట్టుకున్నాడు, ముందే చెప్పేస్తే ఇక బేరం ఎక్కడ ఆడతామని. ఆ డబ్బుకు వచ్చేవి రెండే ఉన్నాయి. మొదటిది నల్లగా, తళతళలాడుతూ, మీట నొక్కితే ముందుకు చాలా పొడుగు సాగే గొట్టంతో ఉంది. బావమరిది దాన్ని అందుకుని వీధిలోకి గురిపెట్టాడు.

"చూడు బావా, ఎదురు బిల్డింగ్ మీద గడియారం ముల్లు కూడా ఎంత స్పష్టంగా కనబడుతోందో."

"ఆ గడియారంతో నాకేం పని? నా ఒళ్లో ఉన్నది నాకు కనబడాలి," అన్నాడు మాస్టారు.

అన్న తర్వాత గానీ తనేం మాట్లాడాడో ఆయనకు తెలియలేదు. గతుక్కుమని బావమరిది వైపు చూశాడు. అతను ఇంకా గడియారంలోనే ఉన్నాడు.

"అంకుల్, మీరు ఏం ఫోటోలు తీస్తారు?" అని అడిగింది అమ్మాయి.

"బట్టలమ్మా. దారాలు."

ఆమె కాసేపు ఆలోచించి, అడుగు అరలోంచి రెండోది, బూడిద రంగు డబ్బాలాంటి కెమెరా తీసింది. పాత మోడల్, చూడ్డానికి సబ్బుబిళ్లలా ఉంది. దాని మీద ఒక పువ్వు గుర్తు చూపించి, "దగ్గరి వస్తువులు తీయాలంటే ఇది నొక్కాలి. బొమ్మ వెనకున్న ఈ తెర మీద పడుతుంది. మళ్లీ ఇది నొక్కితే పెద్దదవుతుంది," అంది. మాస్టారి చొక్కా చేతి అంచును బల్ల మీద పెట్టమని, ఒక ఫోటో తీసి, పెద్దది చేసి, ఆయన ముందు పెట్టింది.

తెర మీద పోగులు చాప అల్లికలా విడివిడిగా ఉన్నాయి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, మళ్లీ ఒకటి పైనుంచి. ఏడాదిగా ఆయన పోగును పక్క పోగు నుంచి వేరుగా చూసి ఎరగడు. వేలితో తెర మీద వాటిని ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. కళ్లల్లో నీళ్లు నిండితే, చెమట అన్నట్టు ముఖమంతా తుడుచుకున్నాడు.

"ఇదే కావాలి," అన్నాడు.

"పాత మోడల్ బావా. నలుగురూ నవ్వుతారు," అన్నాడు బావమరిది. నవ్వడానికి ఆ నలుగురూ కెమెరా చూడాలి కదా అని మాస్టారు అనలేదు గానీ, అనుకున్నాడు. అమ్మాయి ఇంకొన్ని సంగతులు చెప్పింది. దీనికి ఎక్కడైనా దొరికే మామూలు పెన్సిల్ బ్యాటరీలు సరిపోతాయి. తొమ్మిది ఫోటోలు బాగా వచ్చి పదోది అలుక్కుపోతే అది చేయి వణకడం వల్ల, అందుకే ఏదైనా పుస్తకాల దొంతర మీద పెట్టి తీయాలి. ఫ్లాష్ వేస్తే నేత కొట్టుకుపోతుంది, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేట్టు చూసుకోవాలి. ఫోటోలు దాచే కార్డు విడిగా కొనాలి. ఈ ఆఖరి మాట దగ్గర బావమరిదికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. అరగంట వాదించి, కార్డు మీద కాస్త తగ్గించాకే బయటికి కదిలాడు.

ఇంటికొచ్చేసరికి భార్య బజారుకు వెళ్లి ఉంది. మాస్టారికి అంతసేపు ఆగే ఓపిక లేదు. పసిపిల్లాడికి కొత్త బొమ్మ దొరికినట్టే ఉంది ఆయనకి. కొంచెం చేయి అలవాటు చేసుకుందామని తెర అవతలికి వెళ్లాడు. ఇస్త్రీ అయిన బట్టలు అరలో ఉన్నాయి. తండ్రి నియమం గుర్తుకొచ్చింది. కంపెనీవాడు రఫూ తర్వాతి ఫోటో కూడా అడిగాడు కదా, ఇకమీదట చూడక తప్పదు అని సర్దిచెప్పుకుని, ఒక కోటు తీసి కిటికీ దగ్గర పరిచాడు.

పువ్వు గుర్తు నొక్కి, ఫోటో తీసి, పెద్దది చేశాడు. చిరుగు ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది. నేత నేతలా ఉంది, ఎక్కడా ముడత లేదు, పోగు తప్పలేదు. ఆయన గుండె పొంగిపోయింది. ఏడాదిగా పడ్డ భయమంతా ఊరికే పడ్డాడన్నమాట. కన్ను మోసం చేసినా చేయి చేయలేదు. తన చేతిని తనే ఒకసారి నిమురుకున్నాడు.

అదే ఊపులో కోటును తిరగేసి లోపలి వైపు కూడా తీశాడు. రఫూ లోపలి వైపునుంచే చేస్తారు, దారం కొసల్ని గింజంత పొడవు వదిలేస్తారు. మాస్టారు ఎప్పుడూ కుడి అంచున మొదలుపెడతాడు, మొదటి కొస కుడి పక్కనే మిగులుతుంది. కెమెరా తెర మీద కొస ఎడమ పక్కన ఉంది.

కెమెరా అద్దంలా తిప్పి చూపిస్తోందేమో అనుకున్నాడు. చవకది కదా మరి. పక్కన ఒక కత్తెర పెట్టి మళ్లీ తీశాడు. కుడివైపు పెట్టిన కత్తెర కుడివైపే వచ్చింది. అరలోంచి శాలువా తీశాడు. దాని కొస కూడా ఎడమ పక్కనే. ఇంకో కోటు, ఇంకో ప్యాంటు, అన్నిటికీ ఎడమ పక్కనే.

ఆ పొద్దున చేసి మడిచిపెట్టిన ఒక బూడిద రంగు ప్యాంటు ఇంకా తన బల్ల మీదే ఉంది, తెర వెనక్కి వెళ్లలేదు. దాన్ని కూడా తిరగేసి, పరిచి తీశాడు. తీయకపోయినా తెలిసిపోయింది, అయినా తీశాడు.

పోగులు ఒకచోట రెండేసి, ఒకచోట మూడేసి దాటిపోయాయి. ఒకచోట సూది అసలు అందుకోనే లేదు, కంత కంతలాగే ఉంది. చుట్టూ బట్ట ముడుచుకుని, పాత గాయం మచ్చలా లేచింది. కొసలు మాత్రం కుడి పక్కన ఉన్నాయి. ఆయన కెమెరాను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

సిగ్గు ముందు వచ్చింది. ఏడాదిగా జనం పొగుడుతుంటే తలాడించి తీసుకున్న ప్రతి మాటా గుర్తుకొచ్చి ఒళ్లు కాలిపోయింది. చెడిన రఫూను విప్పడం కొత్తగా చేయడంకన్నా కష్టం, ఒక్క పోగు తెగితే కంత రెట్టింపవుతుంది. తను భోజనం చేసి కునుకు తీసినప్పుడల్లా, సాయంత్రం బావమరిదితో టీకి వెళ్లినప్పుడల్లా, ఆ తెర వెనక జరిగింది ఇదన్నమాట.

భార్య కూరల సంచితో లోపలికొచ్చింది. అరలోంచి బయటికొచ్చిన బట్టల్ని చూసింది, కెమెరా తెర మీద వెలుగుతున్న బొమ్మను చూసింది. సంచి గోడకు ఆనించింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు మాస్టారు.

"ఏడాదిగా. ఒక నల్ల ప్యాంటు దగ్గర్నుంచి."

"ఎవరన్నా తిప్పి తెచ్చారా?"

"దాన్నొక్కదాన్నే తెచ్చారు. వెనక గుమ్మం దగ్గర నా చేతికిచ్చి, మాస్టారికి చెప్పకమ్మా అన్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ కంటి సంగతి మీరు నాకు చెప్పారా?"

ఆయన తల ఎత్తాడు. ఆమె అంత మాట అనడం అదే మొదటిసారి.

"నీకెలా తెలుసు?"

"పొద్దున లేచేసరికి సూదుల్లో దారం ఎక్కించి ఉంటోంది కదా. ఎవరు ఎక్కిస్తున్నారనుకున్నారు?"

ముందురోజు తనే ఎక్కించి మరిచిపోయానని ఆయన అనుకునేవాడు. అనుకోవడం ఆయనకు సుఖంగా ఉండేది.

"నీకు ఈ పని ఎవరు నేర్పారు?" అన్నాడు.

"మీరే. ఎదురుగా కూర్చుని చూసేదాన్ని కదా. ఎదురుగా కూర్చుంటే మీ కుడిచేయి నా ఎడమచేతికి సరిగ్గా వస్తుంది."

అప్పుడు కోపం వచ్చింది మాస్టారికి. నిజానికి కోపం కాదది, ఇంకేం చేయాలో తోచక తెచ్చుకున్నది. "ఇన్నాళ్లూ నన్ను వెర్రివాణ్ణి చేసి కూర్చోబెట్టావు," అన్నాడు.

ఆమె బల్ల మీది ప్యాంటును అందుకుని, ముడుచుకున్న చోటును వేలితో సాపు చేసింది. "ఆ కుర్చీలోంచి లేస్తే మీరేమైపోతారో అని భయమేసింది. ఒకటి విప్పి చేశాను. ఇంకోటి చేశాను. తర్వాత ఎలా ఆపాలో తెలియలేదు. రోజూ మీరు మడిచి పక్కకు పెట్టినప్పుడల్లా, ఇవాళన్నా బాగుండాలి అనుకునే మడత విప్పేదాన్ని."

ఆ పూట వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు. తను ఒక్కడే మోస్తున్నాననుకున్న భయాన్ని ఆమె కూడా మోసింది, ఆపైన మాస్టారి పనిని కూడా మోసింది. ఇంత చేసినా ఆమెను మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ మెప్పంతా ఈ కుర్చీలో కూర్చుని తను తీసుకున్నాడు. ఆలోచించే కొద్దీ ఆయనకు తన చూపు పోవడం కన్నా ఇదే ఎక్కువ బాధగా తోచింది.

మర్నాడు పొద్దున భార్య ముందు గదిలోకి వచ్చేసరికి మాస్టారు పొట్టి బల్ల మీద పుస్తకాల దొంతర పేర్చి, దాని మీద కెమెరా పెట్టి, ఆ బూడిద రంగు ప్యాంటును ఎదురుగా పరుస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"కంపెనీకి పంపాలి కదా. రఫూకి ముందు ఫోటో తీస్తున్నాను."

"చిరిగింది ఇది కాదండీ. ఇది మీరు చేసేసిన..." ఆమె మాట మధ్యలో ఆపేసింది.

"తెలుసు," అన్నాడు మాస్టారు. "చిరుగు కన్నా ఘోరంగా ఉంది. ఇదే పంపుదాం."

ఆమె వద్దంది. వేరే చిరుగు పంపుదామంది, దీన్ని ఎవరికీ చూపించొద్దంది. ఆయన వినలేదు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు, బొమ్మ పెద్దది చేసి చూసుకున్నాడు, అలుక్కుపోలేదని నిర్ధారించుకున్నాడు. తర్వాత కిటికీ దగ్గర కుర్చీలోంచి లేచి, దాన్ని ఆమె వైపు జరిపాడు.

"కూర్చో. తెర వెనక వెలుతురు చాలదు."

ఆమె చాలాసేపు నిలబడే ఉంది. కళ్లు తుడుచుకుని, చివరికి కూర్చుంది. తప్పిన పోగుల్ని ఒక్కొక్కటే సూదిమొనతో పైకి లేపి, ఎడమచేత్తో విప్పడం మొదలుపెట్టింది. మాస్టారు ఎదురుగా కూర్చున్నాడు. ఆ చేయి ఎంత నిదానంగా, ఎంత నమ్మకంగా కదులుతోందో కన్ను పట్టుకున్నంత మేరా చూశాడు, పట్టుకోలేనిది మధ్యమధ్యలో కెమెరాతో తీసుకుని చూశాడు. ఒకటి రెండుచోట్ల దారం బిగువు గురించి ఏదో చెప్పబోయి మానుకున్నాడు. చెప్పడానికి ఏమీ లేదు. పొద్దు వాలేలోపు రఫూ తర్వాతి ఫోటో కూడా తీశాడు.

బావమరిది కార్డు పట్టుకెళ్లి రెండు ఫోటోలూ పెద్ద సైజులో ప్రింట్లు వేయించాడు. వాటిని పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఆ రోజు మాత్రం అతనికి ఏ అభిప్రాయమూ లేకపోయింది. కంపెనీలో ఇచ్చి, ఇంటికొచ్చి, అక్క ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం మేనేజరు ఫోన్ చేశాడు.

"పైవాళ్లకి చాలా నచ్చింది మాస్టారూ. పని మీకే. ఒకటి అడగనా? ఆ మొదటి ఫోటోలో, ఎవడో చేతకానివాడు దాన్ని ముందే రఫూ చేసి పాడుచేసినట్టున్నాడు?"

"అవునండీ," అన్నాడు మాస్టారు.

"దాన్ని విప్పి మళ్లీ ఇంత బాగా చేయడమంటే మామూలు విషయం కాదు."

"కాదండీ. మామూలు విషయం కాదు."

"సరే, పని ఎవరి పేరు మీద రాసుకోమంటారు? మీ పేరేనా?"

మాస్టారు తన పేరు చెప్పలేదు. భార్య పేరు చెప్పాడు.

"ఆవిడ మీకు...?"

"మా ఆవిడ. పని చేసేది ఆవిడే. మీరు చూసింది ఆవిడ చేతిపనే."

"అలాగా. మరి మీరు, మాస్టారూ?"

కిటికీ దగ్గర ఆమె కుట్టడం ఆపి ఇటే చూస్తోంది. ఎంత ప్రయత్నించినా ఆమె ముఖంలో ఏముందో ఆయనకు అంత దూరం నుంచి కనబడలేదు.

"నేను ఫోటోలు తీస్తానండి," అన్నాడు.